చిత్రతురగం, కణాల తాకిడి: సిమ్యులేషన్‌ను తెలుగులో చెప్పడంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

కణభౌతికశాస్త్రంలో తాకిడి ఘటనలను లెక్కగట్టే పైథియా, హెర్విగ్, జియాంట్4 వంటి సాఫ్ట్‌వేర్ల పనిని తెలుగులో సాధారణంగా ‘అనుకరణ’ అనే మాటతో చెబుతున్నాం. ముందు మూలం, తరువాత నకలు అనే క్రమం ఆ మాటలో ఇమిడి ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ల విషయంలో ఆ క్రమం చాలాచోట్ల నిలబడదు. రసచర్చలో అనుకరణవాదానికి ఎదురైన ఆక్షేపణలు, ఉత్ప్రేక్షాలంకార లక్షణం, ధర్మవరం నేత, నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఆధారంగా ఈ పరిభాషను పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సిమ్యులేషన్, అనుకరణ, సంభావన, చిత్రతురగన్యాయం, శాస్త్రపరిభాష, తోలుబొమ్మలాట, జకార్డు.

1. ప్రవేశిక

హిగ్స్ బోసాన్ గురించి అంతర్జాలంలో చదివినవారిలో చాలామందికి ఒక బొమ్మ పరిచయమే. మధ్యలో ఒక బిందువు, అక్కడినుంచి అన్ని దిక్కులకూ చిమ్మినట్టు వంపులు తిరిగిన గీతలు. 2012 జులై 4న జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల కొత్త కణాన్ని కనుగొన్నట్టు ప్రకటించిన తరువాత ఆ బొమ్మ హిగ్స్‌కు ముఖచిత్రమైపోయింది. చూసినవారు దానిని ఛాయాచిత్రమనే అనుకుంటారు. నిజానికి అది 1997 నాటిది. అప్పటికి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ లేదు; 27 కిలోమీటర్ల ఆ వలయంలో ప్రోటాన్ల పుంజం తొలిసారి తిరిగింది 2008లో. సీఎంఎస్ అనే శోధకాన్ని ఇంకా నిర్మించకముందే, అందులో హిగ్స్ పుట్టి రెండు ఎలక్ట్రాన్లుగా, రెండు హాడ్రాన్ ధారలుగా క్షయిస్తే గీతలు ఎలా పడతాయో కంప్యూటరు లెక్కగట్టి గీసిన చిత్రం అది.

ఈ బొమ్మ కింద తెలుగులో ఏమని రాయాలి? ‘హిగ్స్ కణం చిత్రం’ అంటే అబద్ధం. ‘హిగ్స్ ఘటనకు కంప్యూటర్ అనుకరణ’ అంటే మర్యాదగా ఉంటుంది కానీ, అది కూడా సరికాదని నా అభిప్రాయం. 1997లో అనుకరించడానికి అసలు ఘటన ఎక్కడుంది?

ఇది భౌతికశాస్త్రంవారు చూసుకోవలసిన విషయం కదా, తెలుగుశాఖకు ఏం పని అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను పూర్తిగా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. హిందూపురంలోనో పెనుకొండలోనో ధర్మవరంలోనో బీఎస్సీ చదివే విద్యార్థి తెలుగు వాక్యంలో విజ్ఞానశాస్త్రాన్ని చూసే చోట్లు ఇక రెండే: పత్రికలు, తెలుగు భాషాపాఠం. భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఇంగ్లీషు పదంతో పని గడుపుకుంటాడు. తెలుగు మాటకు అర్థం చెప్పవలసిన బాధ్యత, ఇష్టమున్నా లేకున్నా, మన మీద పడింది. నండూరి రామమోహనరావు, మహీధర నళినీమోహన్, వేమూరి వేంకటేశ్వరరావు వంటివారు వేసిన దారి మనకుంది. వారు ఎక్కువగా వివరించింది ప్రకృతిని. ఇప్పుడు వివరించవలసింది ప్రకృతి గురించి యంత్రం చేసే ఊహను. ఈ రెండో పనికి కావలసిన మాటలు భౌతికశాస్త్ర పరిభాషలో కంటే అలంకారశాస్త్రంలోనే ఎక్కువ ఉన్నాయి.

2. సాఫ్ట్‌వేర్ చేసే పని

రెండు ప్రోటాన్లు ఎదురెదురుగా వచ్చి తాకితే ఏం పుడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అదే శక్తితో అదే దిశలో వచ్చిన రెండు జతలు రెండు వేర్వేరు ఫలితాలనిస్తాయి. క్వాంటం సిద్ధాంతం ఇచ్చేది ఒక్కొక్క ఫలితానికి ఉన్న సంభావ్యతను మాత్రమే. ఉదాహరణకు 125 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ద్రవ్యరాశి గల హిగ్స్ బోసాన్ సుమారు 58 శాతం సందర్భాల్లో బాటమ్ క్వార్కు, దాని ప్రతిక్వార్కుల జంటగా క్షయిస్తుంది. రెండు ఫోటాన్లుగా క్షయించేది సుమారు 0.23 శాతమే. సాఫ్ట్‌వేర్ సున్నాకూ ఒకటికీ మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీస్తుంది. ఆ సంఖ్య ఏ ఫలితపు వాటాలో పడితే ఆ ఘటనకు ఆ ఫలితాన్ని రాస్తుంది. పుట్టిన కణం ఏ దిశలో పోవాలి, ఎంత ద్రవ్యవేగంతో పోవాలి, ఎంత దూరం పోయి క్షయించాలి అన్నవీ ఇలాగే తేలుతాయి. ఒక ఘటన పూర్తయ్యేసరికి వేలాది పాచికలు పడతాయి. అటువంటి ఘటనలను లక్షల్లో, కోట్లలో తయారు చేస్తారు.

ఈ పద్ధతికి మాంటే కార్లో అని పేరు. మెట్రోపొలిస్, ఊలం 1949లో ఆ పేరుతోనే వ్యాసం ప్రకటించారు. జూదశాలలకు ప్రసిద్ధికెక్కిన మొనాకో ప్రాంతపు పేరది. సభాపర్వం చదివిన జాతికి పాచికలంటే ఉన్న జంకు వల్ల కాబోలు, ఈ పేరుకు తెలుగు చేయాలని నాకూ తోచదు. ఇంకొక ముచ్చట. ఈ యాదృచ్ఛిక సంఖ్యల వరసను మొదలుపెట్టే సంఖ్యను ‘విత్తు’ అనే అర్థమున్న మాటతో పిలుస్తారు. అదే విత్తు వేస్తే అవే సంఖ్యలు, అవే ఘటనలు, పొల్లు పోకుండా మళ్లీ వస్తాయి. వానను నమ్ముకుని వేరుశనగ వేసే మా ప్రాంతపు రైతుకు ఈ ఉపమానం చెబితే నవ్వుతాడు.

పని రెండు అంచెల్లో సాగుతుంది. తాకిడిలో ఏం పుట్టిందో నిర్ణయించేది ఘటనలను పుట్టించే సాఫ్ట్‌వేర్. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 1978లో మొదలైన జెట్‌సెట్ నుంచి పెరిగిన పైథియా, దానికి పోటీగా నిలిచే హెర్విగ్, షెర్పా ఈ కోవలోవి. పుట్టిన కణాలు శోధకంలోని ఇనుమును, సిలికాన్‌ను, వాయువును దాటిపోతూ ఎక్కడ ఎంత శక్తి వదులుతాయో, అయస్కాంతక్షేత్రంలో ఎలా వంగుతాయో లెక్కగట్టేది రెండో అంచె. సెర్న్‌లో 1974లో తొలిరూపం దిద్దుకున్న జియాంట్ ఆ పని చేస్తుంది. ఫోర్ట్రాన్‌లో ఉన్న దానిని విడిచి, సి ప్లస్ ప్లస్‌లో కొత్తగా రాసిన జియాంట్4 1998 చివర విడుదలైంది. క్యాన్సరుకు చేసే ప్రోటాన్ చికిత్సలోనూ, అంతరిక్ష పరికరాల రూపకల్పనలోనూ నేడు దాని వాడుక ఉంది. చివరికి వచ్చేది శోధకపు తీగల్లో పుట్టవలసిన విద్యుత్ స్పందనల పట్టిక. నిజమైన తాకిడి నుంచి వచ్చిన పట్టికను ఏ ప్రోగ్రాం చదివి కణాల దారులను పునర్నిర్మిస్తుందో, దీనినీ అదే ప్రోగ్రాం చదువుతుంది. నిజానికీ కల్పనకూ ఒకే చదువరి.

3. మూలం చూడని అనుకరణ

ఎం.ఏ. తెలుగులో రససిద్ధాంతం చెప్పేవారికి శంకుకుడి వాదం కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడైన ఆయన గ్రంథం మనకు దక్కలేదు. అభినవగుప్తుడు అభినవభారతిలో ఖండించడానికి చెప్పినంతమేరకే ఆయన తెలుసు. నటుడు రాముడి స్థాయీభావాన్ని అనుకరిస్తాడు, ప్రేక్షకుడు విభావానుభావాలను బట్టి దానిని ఊహిస్తాడు అన్నది ఆ వాదసారం. ఆ సమయంలో ప్రేక్షకుడికి కలిగే జ్ఞానం ఎటువంటిది? ‘ఇతడు రాముడే’ అనే యథార్థజ్ఞానం కాదు. తరువాత బాధితమయ్యే మిథ్యాజ్ఞానమూ కాదు. సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. గోడమీది గుర్రాన్ని చూసి ‘గుర్రం’ అన్నప్పటి జ్ఞానం వంటిది. దీనినే చిత్రతురగన్యాయం అన్నారు.

1997 నాటి హిగ్స్ బొమ్మను చూసి భౌతికశాస్త్రజ్ఞుడు ‘ఇది హిగ్స్ ఘటన’ అన్నప్పుడు అతనికున్న జ్ఞానం సరిగ్గా ఈ అయిదో రకానిది. అతడు మోసపోలేదు, సందేహంలోనూ లేడు. ‘హిగ్స్ ఘటనలాగా ఉంది’ అనడానికి పోల్చదగిన మరో ఘటనను అతడు చూసి ఉండలేదు. లేపాక్షి మండపం పైకప్పున కిరాతార్జునీయ ఘట్టంలో పరుగెత్తే వరాహాన్ని చూసి మనం ‘పంది’ అంటాం. ఎవరూ దానికి భయపడరు, అది పంది కాదని ఎవరూ వాదించరు. సిమ్యులేషన్ బొమ్మను ఛాయాచిత్రమని నమ్మే సామాన్య పాఠకుడికీ, అదంతా కట్టుకథ అని కొట్టిపారేసే సంశయవాదికీ ఈ అయిదో జ్ఞానపు సంగతి తెలియదు. పత్రికలో ఒకే ఒక్క పంక్తి వ్యాఖ్య రాసే ఉపసంపాదకుడికి తెలిస్తే చాలు.

అయితే శంకుకుడి వాదానికి అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు పెట్టిన ఆక్షేపణ మన చర్చకు ఇంకా పనికొస్తుంది. ఒకడు మరొకడిని అనుకరిస్తున్నాడని చెప్పాలంటే ఆ రెండోవాడిని మనం చూసి ఉండాలి. రాముడి రతిభావాన్ని చూసినవారెవరు? చూడనిదానికి అనుకరణ ఎలా అవుతుంది? ఈ ఆక్షేపణ నటుడి విషయంలో ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. కణాల తాకిడి విషయంలో మాత్రం అది పూర్తిగా నిలుస్తుంది. తాకిన క్షణంలో ప్రోటాన్ల లోపలి క్వార్కుల మధ్య, గ్లూయాన్ల మధ్య జరిగేదాన్ని ఎవరూ చూడలేదు. చూడడమనే మాటకు అక్కడ అర్థం లేదు. పుట్టిన హిగ్స్ కూడా శోధకానికి చేరకముందే క్షయించిపోతుంది. శోధకానికి అందేవి దాని సంతానమో, ఆ సంతానపు సంతానమో మాత్రమే.

అందుకే లుండ్ బృందం ఒక కథ చెప్పింది. విడిపోతున్న క్వార్కుల మధ్య శక్తి ఒక సాగే తీగలా ఉంటుందనీ, అది తెగినచోటల్లా కొత్త క్వార్కు జంట పుడుతుందనీ, ఆ ముక్కలే హాడ్రాన్లనీ ఆ కథ. హెర్విగ్ మరో కథ చెబుతుంది: క్వార్కులు, గ్లూయాన్లు చిన్నచిన్న గుంపులుగా కూడి, ఆ గుంపులు విచ్చుకొని హాడ్రాన్లవుతాయి. రెండు కథలూ కొలతలతో చాలామేరకు పొసగుతాయి. ఇవి ఒకే మూలానికి రెండు అనుకరణలైతే ఏది సరైన అనుకరణ అని అడగాలి. ప్రయోగశాలల్లో అడిగే ప్రశ్న అది కాదు. ఒకే లెక్కను రెండింటితోనూ చేసి, వచ్చిన తేడాను తమ ఫలితంలోని అనిశ్చితిలో ఒక భాగంగా చూపుతారు. తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఇది తెలిసిన పద్ధతే. కవి స్వహస్తప్రతి దొరకనప్పుడు రెండు ప్రతుల మధ్య తేడాయే మన అజ్ఞానానికి కొలత. దానిని పాఠాంతరం అంటాం.

4. ఎర్రమంచి కారు, ధర్మవరం అట్ట

పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మా ప్రాంతంలో డిగ్రీ, డిప్లమా చదివే పిల్లలకు ‘సిమ్యులేషన్’ అనే మాట వినగానే ముందుగా గుర్తుకొచ్చేది కారు గోడను గుద్దుకునే కంప్యూటర్ దృశ్యం. వాహన పరిశ్రమలో అది నిత్యకృత్యం. కారు శరీరాన్ని చిన్నచిన్న గడులుగా విడదీసి, గుద్దుకున్నప్పుడు ఏ గడి ఎంత నలుగుతుందో లెక్కిస్తారు. ఆ తరువాత నిజంగా ఒక కారును గుద్దించి పోల్చిచూస్తారు. నలిగిన కారు కళ్లముందుంటుంది. ఇక్కడ ‘అనుకరణ’ అనే మాటకు చోటుంది. ప్రోటాన్ల తాకిడిని వాహనాల ఢీతో పోల్చి చెప్పడం పత్రికలకు అలవాటే. ఆ పోలికతోనే సగం పొరపాటు పుడుతుంది. ఒకే వేగంతో ఒకే కోణంలో గుద్దిన ఒకే రకం కార్లు దాదాపు ఒకేలా నలుగుతాయి. ప్రోటాన్లు అలా చేయవు. పైగా గుద్దుకున్న కార్లలోంచి కారు ముక్కలే రాలుతాయి. ప్రోటాన్ల తాకిడిలో రాలేవి ప్రోటాన్ ముక్కలు కావు. తాకిడి శక్తి నుంచి అంతకుముందు లేని కణాలు పుడతాయి. పాఠ్యపుస్తకాల ‘అభిఘాతం’ అనే మాట ఈ కారణంగానే ‘ఢీ’ కంటే మేలు. దానికి చెవి అలవాటు పడకపోవడం దాని దోషం కాదు.

ధర్మవరం ఇంకా దగ్గరి ఉపమానాన్నిస్తుంది. పట్టుచీర అంచులో, కొంగులో వచ్చే పనిని గడుల కాగితం మీద గీసి, దానిప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, ఆ అట్టల దండను జకార్డుకు ఎక్కిస్తారు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇప్పుడు ఆ గీతను కంప్యూటరు తెరమీద గీస్తారు. చీర నేయకముందే చీర ఎలా ఉండబోతుందో రంగులతో సహా తెరమీద చూపుతారు. ఆ తెరమీది చీర దేనికి అనుకరణ? అసలు చీర ఇంకా పుట్టలేదు. నేతగాడు దానిని ‘మాదిరి’ అనే అంటాడు. మాదిరి ముందు, వస్తువు తరువాత.

ఈ పోలికకు చరిత్రలోనూ ఆధారముంది. ఫ్రాన్స్‌లో జకార్డు 1804 ప్రాంతంలో మగ్గానికి అమర్చిన అట్టల పద్ధతిని, 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హొలెరిత్ మరో రూపంలో వాడాడు. అక్కడినుంచి అది కంప్యూటర్లకు చేరింది. ఫోర్ట్రాన్ కాలంలో భౌతికశాస్త్రజ్ఞులు తమ ప్రోగ్రాములను అట్టల కట్టలుగానే యంత్రానికి ఇచ్చేవారు. అట్టలు పోయినా మాట పోలేదు. నేడు తాకిడి లెక్కలకు విరివిగా వాడే మ్యాడ్‌గ్రాఫ్‌లో తాకిడి శక్తి, ఘటనల సంఖ్య వంటి షరతులు రాసే దస్త్రం పేరు ‘రన్ కార్డు’. కణాల ద్రవ్యరాశులు రాసేది ‘పారామ్ కార్డు’. తెలుగులో వీటికి మాట వెతుక్కోవలసిన పని లేదు. ధర్మవరంలో ‘అట్ట’ అంటే చాలు, విషయం సగం తెలుస్తుంది.

కానీ ఇక్కడే ఉపమానం ఆగిపోతుందని కూడా చెప్పాలి. అట్ట మగ్గాన్ని శాసిస్తుంది. అట్ట ఎలా ఉంటే చీర అలా వస్తుంది, రాకపోతే తప్పు మగ్గానిది. పైథియా రాసిన ఘటన ప్రకృతిని శాసించదు. రెండింటికీ పొత్తు కుదరకపోతే తప్పు పైథియాది కావచ్చు. కాకపోతే అక్కడ కొత్త కణమే ఉండవచ్చు. ఆ రెంటిలో ఏదో తేల్చడానికే ఈ శ్రమంతా. కాబట్టి ‘మాదిరి’ అనే మాట కాలక్రమాన్ని సరిచేస్తుంది కానీ అధికారక్రమాన్ని తారుమారు చేస్తుంది.

5. తెరవెనుక సత్యం

ఈ సాఫ్ట్‌వేర్ల పరిభాషలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన మాట ఒకటుంది. కంప్యూటరులో పుట్టించిన ప్రతి ఘటనతోపాటు, అందులో నిజంగా ఏయే కణాలు పుట్టాయో, ఏది దేనినుంచి వచ్చిందో ఒక చిట్టా ఉంటుంది. దానిని వారు ‘మాంటే కార్లో ట్రూత్’ అంటారు. అంటే, సత్యం అనే మాటను వారు కల్పిత ఘటనకే వాడుతున్నారు! నిజంగా జరిగిన తాకిడికి అటువంటి చిట్టా లేదు. అక్కడ ఉన్నవి జాడలు, వాటినుంచి చేసిన అనుమానాలు మాత్రమే.

దీనిని తెలుగులో ‘సత్యం’ అని అనువదిస్తే పాఠకుడు తప్పుదారి పడతాడు. విషయం అర్థం కావాలంటే ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు వెళ్లాలి. తోలుబొమ్మల తయారీకి ప్రసిద్ధమైన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెరకు ఇవతల కూర్చున్నవారికి కనిపించేది రంగుల నీడ. ఏ బొమ్మను ఏ చేయి పట్టుకుంది, గొంతు ఎవరిది, రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడి ఒకే నీడగా కనిపిస్తున్నాయా అన్నది తెరవెనుకవారికే తెలుసు. ప్రేక్షకుడు నీడను చూసి పొరపాటు పడితే ఆట అయ్యాక లోపలికి వెళ్లి అడగవచ్చు. సిమ్యులేషన్‌లోని ‘ట్రూత్’ అలా అడిగితే తెలిసే సంగతి. నీడను చూసి బొమ్మను పోల్చే మన నేర్పు ఎంతో, ఎన్నిసార్లు హనుమంతుణ్ణి చూసి అంగదుడనుకున్నామో లెక్క తీయడానికి అది పనికివస్తుంది. వంద కల్పిత ఘటనల్లో మన ప్రోగ్రాం ఎన్నిటిని సరిగా గుర్తించిందో తెలిస్తేనే, ప్రకృతి ఇచ్చిన నీడలను అదే ప్రోగ్రాంతో చదివినప్పుడు ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. ప్రకృతి ఆటలో తెరవెనుకకు దారి లేదు. ‘ట్రూత్’కు ‘తెరవెనుక వివరం’ అనో ‘సూత్రధారి చిట్టా’ అనో చెప్పడం నాకు ఉచితంగా తోస్తుంది. పొడుగైనా పొరపాటు జరగదు.

అనుకోకుండా సరిగ్గా కుదిరిన అనువాదం కూడా ఒకటుంది. వెతుకుతున్న ఘటనలాగే కనిపించే ఇతర ఘటనల రాశిని ఇంగ్లీషులో వెనుకతలం అనే అర్థమున్న మాటతో చెబుతారు. తెలుగులో దానికి ‘నేపథ్యం’ వాడుతున్నాం. ఇప్పటి వాడుకలో నేపథ్యమంటే వెనుకనున్న సందర్భం. నాటకశాస్త్రంలో నేపథ్యమంటే వేషధారణ, వేషం కట్టే చోటు కూడా. రెండు ఫోటాన్లు కనిపించిన ఘటనల్లో హిగ్స్ నుంచి వచ్చినవి కొద్ది. తక్కినవన్నీ మామూలు ప్రక్రియలు అదే వేషం కట్టుకుని వచ్చినవి. 2012లో జరిగింది ఆ వేషధారులు ఎందరుండాలో లెక్కగట్టి, ఆ లెక్కకు మించి 125 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర కొందరు మిగిలారని చూపడం. ‘కణాన్ని చూశారు’ అనే వార్తావాక్యం వెనుక ఉన్న పని ఇది. పరిభాషను చేసినవారు పాత అర్థాన్ని తలచి ఆ మాటను ఎంచుకోలేదని నేను దాదాపు నిశ్చయంగా చెప్పగలను. అయినా మాట తన పాత జ్ఞాపకంతో పని చేసింది.

6. సంభావన

ఇంతకూ అనుకరణ కాకపోతే ఏమిటి? ఉపమకూ ఉత్ప్రేక్షకూ ఉన్న తేడాను డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చెబుతాం. ఉపమకు తెలిసిన ఉపమానం కావాలి. ఉత్ప్రేక్షలో ప్రకృత వస్తువును మరొకటిగా ఊహిస్తాం. ఆ ఊహను కవి నమ్మడు, విడువడు. ఆలంకారికులు ఆ వ్యాపారాన్ని ‘సంభావన’ అనే మాటతో నిర్వచించారు. గణితంలో మనం వాడే ‘సంభావ్యత’ ఆ ధాతువు నుంచి వచ్చిందే. పైథియా చేసేది అక్షరాలా సంభావన: సిద్ధాంతం ఇదైతే, ఈ సంభావ్యతల ప్రకారం, ఇటువంటి ఘటన జరిగి ఉండవచ్చు అని ఊహించి, ఆ ఊహను శోధకం దాకా నడిపించడం. అనుకరణ అన్నప్పుడు పాఠకుడు ‘ఎంత బాగా దింపారు’ అని అడుగుతాడు. సంభావన అన్నప్పుడు ‘ఏ షరతు మీద ఊహించారు’ అని అడుగుతాడు. రెండోదే అడగవలసిన ప్రశ్న.

చిక్కు లేకపోలేదు. సంభావన అనగానే సభలో పండితుడికి తాంబూలంతో ఇచ్చే కవరు గుర్తుకొస్తుంది, ముఖ్యంగా మన వృత్తివారికి. అందువల్ల కొత్త పారిభాషికంగా దానిని ప్రతిపాదించి, పట్టికలోకి ఎక్కించి, ఎవరూ వాడని మాటల జాబితాను ఇంకొంత పెంచాలని నాకు లేదు. ‘సిమ్యులేషన్’ తెలుగు లిపిలో అలాగే ఉండనిద్దాం. దానికి వివరణ ఇచ్చేటప్పుడు మాత్రం అనుకరణ అనకుండా సంభావన అందాం. అలంకారశాస్త్రం ఎందుకు చదవాలని అడిగే బీఎస్సీ విద్యార్థికి ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఈ తర్కం కొన్ని ఇతర మాటలనూ తేలిక చేస్తుంది. సిద్ధాంతం నుంచి నేరుగా రాబట్టలేని సంఖ్యలు పైథియాలో అనేకం ఉన్నాయి; వాటిని కొలతలకు పొసిగేదాకా సవరిస్తారు. ఆ సవరణను వారు సంగీతపు మాటతోనే చెబుతారు. మనకు ‘శ్రుతి చేయడం’ ఉండనే ఉంది. శ్రుతి అనడంలో ఒక హెచ్చరిక కూడా వినిపిస్తుంది: ఏ తంబురాతో శ్రుతి చేశారో ఆ తంబురాతో కలిసిందని సంతోషించడం పరీక్ష కాదు. శ్రుతి చేయడానికి వాడిన కొలతలు వేరు, పరీక్షకు వాడే కొలతలు వేరుగా ఉండాలి. పైథియా పేరు సంగతి ఇంకా సులువు. పురాతన గ్రీసులో డెల్ఫీ ఆలయంలో పూనకంతో భవిష్యత్తు చెప్పిన పూజారిణి ఆమె. తెలుగు పాఠకుడికి ఆమెను పరిచయం చేయడానికి గ్రీసు దాకా పోనక్కరలేదు, యక్షగానాల్లోని ఎరుకలసాని చాలు. ‘ఎరుక’ అంటే జ్ఞానమనీ, సోది అనీ రెండర్థాలు మన సీమ మాటలో పక్కపక్కనే బతుకుతున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు పేరు పెట్టినవారి చమత్కారం తెలుగులో ఏమాత్రం తగ్గదు.

7. పుట్టని శోధకం

పై వాదానికి ఒక మినహాయింపు చెప్పి తీరాలి. జియాంట్4 చేసే రెండో అంచె పనికి ‘అనుకరణ’ చాలావరకు సరిపోతుంది. శోధకం ఉంది, దాని ఇనుము మందం తెలుసు, తెలిసిన శక్తితో కణాలను పంపి అది ఎలా స్పందిస్తుందో ముందే కొలిచారు. అక్కడ మూలం కళ్లముందుంది. అయితే మన దేశంలోనే ఈ మినహాయింపుకూ మినహాయింపు దొరుకుతుంది.

హిందూపురానికి ఆగ్నేయంగా, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తెలుగు వినిపించే కోలారు బంగారు గనుల్లో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున 1965లో వాతావరణ న్యూట్రినోల జాడలు నమోదయ్యాయి. టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాలవారు కలిసి చేసిన ప్రయోగమది. అదే గనుల్లో కనిపించిన కొన్ని విచిత్ర ఘటనలను 1975లో ప్రకటించారు. రాతిలో కాక, శోధకానికి దగ్గరి గాలిలో ఏదో బరువైన కణం క్షయించినట్టు ఆ దారులు కలిశాయి. ‘కోలారు ఘటనలు’గా పేరుపడిన వాటికి తరువాతి ప్రయోగాల్లో నిర్ధారణ దొరకలేదు. 2014లో ఎం.వి.ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ వాటిని మళ్లీ ఎత్తుకుని, కృష్ణపదార్థపు కణాల క్షయం కావచ్చునా అని అడిగారు. వేళ్లమీద లెక్కించదగిన ఘటనలు అవి. మామూలు న్యూట్రినోలు ఆ రాతిలో, ఆ గదిలో, ఆ వేషంలో ఎన్నిసార్లు కనిపించి ఉండవచ్చునన్న సంభావన ఎంత గట్టిగా ఉంటే, ఆ ఘటనలకు అంత విలువ.

గనులు 2001లో మూతపడ్డాయి. ఆ వారసత్వాన్ని కొనసాగించాలని తలపెట్టిన భారత న్యూట్రినో వేధశాలకు 2015 జనవరిలో కేంద్ర ఆమోదం వెలువడింది. తమిళనాడులో తేని జిల్లా బోడి కొండల కింద, అయస్కాంతీకరించిన 50 వేల టన్నుల ఇనుపపలకలతో ఒక శోధకం కట్టాలన్నది సంకల్పం. పర్యావరణ అనుమతుల వివాదాల మధ్య సొరంగపు తవ్వకం మొదలు కాలేదు. కానీ ఆ శోధకం జియాంట్4లో ఏళ్ల తరబడి పని చేసింది. అందులో కోట్ల న్యూట్రినోలు తాకాయి, మ్యూయాన్లు వంగాయి, ఎంత సూక్ష్మంగా ఏమేమి కొలవగలదో తేలింది. పదేళ్ల ఫలితాల అంచనాలతో వ్యాసాలు అచ్చయ్యాయి, వాటి ఆధారంగా పరిశోధక విద్యార్థులు పట్టాలు పొందారు. ఇక్కడ తాకిడే కాదు, శోధకం కూడా సంభావనే.

అదే శోధకానికి 85 టన్నుల చిన్న రూపం మదురైలో 2018 నుంచి ఆకాశం నుంచి రాలే మ్యూయాన్లను నమోదు చేస్తున్నది. ఆ ఇనుప పలకల్లో పడిన దారులనూ, అవే పలకలను జియాంట్4లో పేర్చి రాబట్టిన దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. ఆ పనిని అనుకరణ అంటే నాకు అభ్యంతరం లేదు. తేని కొండ కింది 50 వేల టన్నులకు మాత్రం ఆ మాట ఇంకా చెల్లదు.